బానెట్ కింది చీటీ

కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు గత రంజాన్ మాసంలో ఆస్పరికి వచ్చాడు. ఇఫ్తార్ అనంతరం ఫోనులో తన ఫోర్డ్ మస్టాంగ్ కారు ఫొటోలు చూపుతూ, "మామూ! దీనికి సూపర్‌ఛార్జర్ కిట్ బిగించుకున్నాను" అన్నాడు. ఇది దుబారా కాదా అన్న మాట మా నాలుక చివరిదాకా వచ్చింది. కాని అతని ముఖంలోని ఉత్సాహం చూసి, ముందు విందాం అనుకున్నాము.

సూపర్‌ఛార్జర్ అంటే ఇంజను బలంతోనే బెల్టు ద్వారా తిరిగే గాలి పంపు అట. అది గాలిని ఒత్తిడితో సిలిండర్లలోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే దానికి తగినంత పెట్రోలు కూడా మండుతుంది, బలం పెరుగుతుంది.

"మరి పొగ సంగతేమిటి?" అని అడిగాము.

అతడు మరొక ఫొటో చూపాడు. బానెట్ కింద అతికించిన చిన్న చీటీ, దానిపై ఒక నంబరు. ఇటువంటి పరికరం వల్ల పొగ అనుమతించిన హద్దు దాటదని తయారీదారు పరీక్షలతో నిరూపిస్తే, అక్కడి వాయు వనరుల మండలి 'ఎగ్జిక్యూటివ్ ఆర్డర్' నంబరు ఇస్తుంది. అది ఏ కారుకు, ఏ సంవత్సరపు మోడలుకు వర్తిస్తుందో కూడా ఆ ఉత్తర్వులోనే ఉంటుంది. పొగ తనిఖీలో ఆ నంబరు కోసం చూస్తారు. బలం పెంచుకోవడం నేరం కాదు. ఆ బలానికి మూల్యం ఇతరుల ఊపిరితిత్తులు చెల్లించకూడదు.

మన దేశంలో నిబంధన మరింత కఠినం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపాన్ని యజమాని తన ఇష్టానుసారం మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది.

ఈ సంగతులు విన్న కొద్ది రోజులకే, బైకు సైలెన్సర్ మార్చి ఇషా నమాజు వేళ వీధి దద్దరిల్లేలా నడుపుతున్న మా పూర్వ విద్యార్థిని పిలిచి మందలించాము. పొరుగువారి హక్కులు గుర్తు చేశాము. అతడు తల వంచుకునే, మెల్లగా అన్నాడు: "హజ్రత్, తమరి బండి పొగ కూడా వీధికే కదా వస్తుంది!"

మాకు మాట రాలేదు. 2009లో కొన్న మా బైకు చాలాకాలంగా నీలిపొగ చిమ్ముతోంది. అటువంటి పాత బండికి ఆరు నెలలకొకసారి తీసుకోవలసిన కాలుష్య ధ్రువపత్రం గడువు తీరి ఏడాది దాటింది. బస్టాండు వద్ద కూరగాయలు అమ్మే తల్లి మా బండి రాగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం ఎన్నోసార్లు చూశాము. చూసీ చూడనట్లు వెళ్ళాము. పొరుగువారి హక్కులపై ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న మాకు, ఆ హక్కుల్లో ఆమె పీల్చే గాలి కూడా ఉందని ఒక శిష్యుడు చెప్పవలసి వచ్చింది.

మరునాడే ఆదోని వెళ్ళాము. పిస్టన్ రింగులు అరిగి ఇంజనాయిలు మండుతోందని మెకానిక్ తేల్చాడు. రింగులు మార్పించి, పొగ పరీక్ష చేయించి, పత్రం తీసుకుని ఇంటికి వచ్చాము.

ఆ యువకుడు తన పాత సైలెన్సర్‌ను ఇంకా బిగించలేదు. అయితే, అతణ్ణి మళ్ళీ అడిగే అర్హత ఇప్పుడు మాకుంది. ఈ శుక్రవారం అడుగుతాము, ఇన్షా అల్లాహ్.