ఆపినోడే మళ్లీ వెయ్యాలి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగారు. చదువు గురించి, క్రమశిక్షణ గురించి రాసే పెద్దలు చాలామంది ఉన్నారు. నేను మాత్రం పూర్వ విద్యార్థులం చందాలు వేసుకుని మన హాస్టలు వరండాలో పెట్టించిన చేపల తొట్టి గురించి రాస్తాను. అందులో గోల్డ్ ఫిష్‌లు ఎందుకు చనిపోతున్నాయని మీలో కొందరు నన్ను అడిగారు.

మాది దివిసీమలో నాగాయలంక దగ్గర ఒక పల్లె. నాన్న రొయ్యల చెరువు మీద జీతానికి ఉండేవాడు. 2009లో మన దేశంలో వనామి రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక మా వైపు చెరువులు ఆ రొయ్యకే మళ్లాయి. మచిలీపట్నం హాస్టలు నుంచి సెలవులకు వెళ్లినప్పుడల్లా నాన్నతో పాటు చెరువు గట్టు మీదే పడుకునేవాణ్ణి. నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లను మేతకు ముందు నాన్న ఆపేసేవాడు. అవి తిరుగుతుంటే మేత కొట్టుకుపోయి, చెరువు మధ్యలో నల్ల బురదలో చేరుతుంది. రొయ్య అడుగున నెమ్మదిగా తినే జీవి. అది తినేలోగా మేత పాడైపోతుంది. అందుకని ఆపి, సమానంగా చల్లి, మళ్లీ స్విచ్ వేసేవాడు. తర్వాత చెక్ ట్రేలు పైకి లాగి చూసేవాడు. మేత మిగిలితే మరుసటి పూట తగ్గించేవాడు.

ఒక రాత్రి పక్క చెరువు మీద పనిచేసే ఆయన ఏరియేటర్లు ఆపి, మేత చల్లి, అలసటతో నిద్రపోయాడు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అసలే తక్కువ. పొద్దున్నకి పంట పోయింది. ఆయన జీతమూ పోయింది. భార్యాబిడ్డలతో ఊరు విడిచి వెళ్లిపోయాడు. అప్పటినుంచి నాన్నది ఒకటే మాట: "ఆపినోడే మళ్లీ వెయ్యాల్రా. అప్పటిదాకా అక్కణ్ణించి కదలకూడదు."

డిగ్రీలో జువాలజీ చదివేటప్పుడు గుడివాడ వైపు నందివాడ చెరువులు చూశాను. అక్కడ బొచ్చె, శీలావతి చేపలకు తవుడూ చెక్కా కలిపి, చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి, గడలకు కట్టి నీటిలో వేలాడదీస్తారు. చేపలు పొడుచుకుని తిన్నకొద్దీ మేత బయటికొస్తుంది. పద్ధతి వేరైనా సూత్రం ఒకటే. మేత నోటికి చేరాలి గాని నీటిలో కుళ్లకూడదు.

మన తొట్టిలో పట్టేది సుమారు 125 లీటర్లు. చెరువు ముందు అది చెంబెడు నీళ్లు. ఫిల్టరు తిరుగుతుండగా మేత వేస్తే చేప కంటే ముందు స్పాంజే మింగేస్తుంది. అక్కడ కుళ్లి అమ్మోనియా అవుతుంది. అందుకే ఫిల్టరు ఆపి, రెండు మూడు నిమిషాల్లో తినేంతే వెయ్యండి. మిగిలింది తీసేసి, 5 నుంచి 10 నిమిషాల్లోపు మళ్లీ స్విచ్ వెయ్యండి. ఆ స్పాంజులో కంటికి కనపడని సూక్ష్మజీవులు అమ్మోనియాను విరిచి నీటిని కాపాడుతుంటాయి. పారే నీటిలోని ప్రాణవాయువే వాటికి ఊపిరి. గంటల తరబడి ఆపితే అవి చనిపోతాయి, తర్వాత చేపలూ పోతాయి.

కరెంటు లేనప్పుడు మేత వెయ్యవద్దు. మగ్గుతో నీళ్లు ముంచి, కొంచెం ఎత్తు నుంచి పోస్తే గాలి కలుస్తుంది. చాలాసేపు ఆగిన ఫిల్టరును వెంటనే వెయ్యకుండా, తొట్టిలోంచి తీసిన నీళ్లతోనే స్పాంజిని పిండండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది ఆ సూక్ష్మజీవులను చంపుతుంది. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు పీకడం మరవకండి. సంక్రాంతి సెలవులకు హాస్టలు మెయిన్ స్విచ్ కట్టేస్తుంటారు. పెద్ద చేపలు కొద్దిరోజులు మేత లేకున్నా బతుకుతాయి గాని, ఫిల్టరు లేకుండా కష్టం. ఆ ఒక్క లైను ఉంచమని వార్డెన్ గారిని ముందే అడగండి.

తొట్టి పెట్టిన రోజున ఒక పెద్దమనిషి "హాస్టలు పిల్లల చేతిలో ఏది పెట్టినా నెల తిరక్కుండా పాడు చేస్తారు" అన్నాడు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. దానికి జవాబు చెప్పాల్సింది నోటితో కాదు. మెస్ డ్యూటీల పక్కనే చేపల డ్యూటీ కూడా గోడ మీద రాసుకోండి. ఆ రోజు పేరున్నవాడే ఆపాలి, వాడే మళ్లీ వెయ్యాలి.

మా నాన్న సంతకం పెట్టడం తప్ప చదువు ఎరుగడు. కాలేజీలో నేను రికార్డు పుస్తకంలో రాసుకున్న సంగతి ఆయన అప్పటికే గట్టు మీద చేసి చూపించాడు. మీ అమ్మానాన్నల్లో చేపల చెరువుల మీద, రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్లు ఎందరో ఉన్నారు. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు వాళ్లకు తెలిసినవి అడిగి, వచ్చే ఏడాది సంచికకు రాసి పంపండి. చదవాలని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
మీ అన్నయ్య,
పూర్వ విద్యార్థి