పెట్టో, పుంజో

చర్ల రోడ్డు మీద ఒక ఊళ్లో మూడేళ్లు బడిపంతులు ఉద్యోగం చేశాను. కాస్త దూరంలో తాలిపేరు, ఆ వెనక అడవి, అడవి వెనక ఛత్తీస్‌గఢ్. నా అద్దె గదికి పెరడు లేదు. అయినా జాతి కోడి మీద మనసుపడి సంతలో ఒక పెట్టను కొన్నాను. తెచ్చి ఎదురింటి పెద్దమ్మకు పాలుకిచ్చాను. పాలుకివ్వడమంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: పెట్ట నాది, మేపు ఆమెది, పిల్లలు చెరిసగం. కాగితం లేదు, సాక్షి లేడు.

పది గుడ్లు పొదగేసింది పెద్దమ్మ. కొన తేలిన గుడ్డయితే పుంజు, గుండ్రటిదైతే పెట్ట అని పక్కింటాయన జోస్యం చెప్పాడు. దారానికి సూది కట్టి గుడ్డు మీద వేలాడదీస్తే, అది తిరిగే తీరును బట్టి తెలిసిపోతుందని మా బళ్లో ఇంకో మాస్టారు. పెద్దమ్మ ఇద్దరి మాటా విన్నది, ఎవరి మాటకూ గుడ్లు మార్చలేదు. ఇరవై ఒకటో రోజుకి ఎనిమిది పిల్లలు లేచాయి. చెరి నాలుగు. లెక్క తేలింది కానీ, ఏ నాలుగు?

ఇక్కడ ఆ ప్రశ్న చిన్నది కాదు. జాతి కోడికి, అంటే అసీల్‌కు, పుట్టిల్లు ఎక్కడని పశువైద్యులను అడిగితే ఈ భద్రాచలం అడవులనూ, వీటికి ఆనుకున్న బస్తర్, కొరాపుట్‌లనూ చూపిస్తారు. చట్టం వద్దంటున్నా సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేల బరులు వెలుస్తూనే ఉన్నాయి. ఆ ముందు నెలల్లో బేరగాళ్లు ఈ సంతల్లో పుంజుల కాళ్లు పట్టి చూస్తూ తిరుగుతుంటారు. మంచి పుంజు వేలల్లో పలుకుతుంది. నాకు బేరం మీద ఆశ లేదు, గుడ్లు కావాలి. అంటే నాలుగూ పెట్టలే కావాలి.

ఫోనులో ఒక వీడియో చూశాను. ఒకటి రెండు రోజుల పిల్ల రెక్కను వేళ్లతో విప్పి చూడాలట. కింది వరస ఈకలు పొడవుగా, పై వరసవి పొట్టిగా ఉంటే పెట్ట. రెండూ సమంగా ఉంటే పుంజు. రెండోరోజు పొద్దున్నే గంప ఎత్తాను. తల్లి ముందు నా మణికట్టు మీద పొడిచింది, తర్వాత ఎగిరి మోచేతి మీద పొడిచింది. ఆ పోట్ల మధ్యే ఒక్కో పిల్లనూ తీసి, గోరంత రెక్కను వెలుతురుకు పట్టి చూశాను. మధ్య వేలూ బొటనవేలూ కలిపితే చాలు, విసనకర్రలా విచ్చుకుంటుంది. నాకు నిజంగానే తేడా కనిపించింది. కనిపించాలనుకున్నవాడికి ఏదైనా కనిపిస్తుంది. నాలుగింటి కాళ్లకు ఎర్రదారం కట్టి, "ఇవి నావి పెద్దమ్మా" అన్నాను.

"ఇప్పుడే ఏం తెలుస్తది సారూ?" అన్నది. వీడియో చూపించాను. కాసేపు చూసి, "మంచిదే" అని గంప మూసింది.

ఆ తర్వాత వారం వారం ఆ దారాలు విప్పి వదులుగా మళ్లీ కట్టింది ఆమే. పిల్ల కాలు లావెక్కుతుంటే దారం చర్మంలోకి దిగబడుతుందని నాకు తోచనే లేదు.

వీడియో అబద్ధం కాదు. అది హేచరీల మాట. నిదానంగా ఈకలొచ్చే జాతి తల్లికి, తొందరగా ఈకలొచ్చే జాతి తండ్రిని కావాలని జతచేస్తారు. అప్పుడు ఆడపిల్లలకు తండ్రి తొందర, మగపిల్లలకు తల్లి నిదానం వస్తాయి. సంతలో కొన్న నా పెట్టకు ఏ పుంజు జతో దానికే తెలియాలి.

ఇంకో సంగతి కూడా అప్పుడే చదివాను. మనుషుల్లో బిడ్డ ఆడో మగో తేలేది తండ్రి కణంతో. అయినా నింద తల్లికే. కోళ్లలో నిజంగానే తల్లి కణంతో తేలుతుంది. అక్కడ మాత్రం ఆడపిల్లలు ఎక్కువ లేస్తే తల్లిని మెచ్చుకుని ఇంకో గుప్పెడు నూకలు వేస్తారు.

ఒకటో రోజునే తేల్చే విద్య జపాన్‌వాళ్లది. పిల్ల వెనకభాగాన్ని సున్నితంగా విప్పి, లోపలి చిన్న బుడిపెను చూసి చెప్పేస్తారు. మసుయి అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు దాన్ని 1927లో ఒటావాలో జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభలో లోకానికి చాటారు. చేయి తిరిగినవాళ్లు గంటకు వెయ్యి పిల్లలను అటూ ఇటూ వేస్తారు. 2020లో వచ్చిన 'మినారి' సినిమాలో అమెరికా చేరిన కొరియా నాన్న చేసేది ఆ పనే. అక్కడి పొగగొట్టం చూసి అదేమిటని కొడుకు అడిగితే, మగపిల్లలను పారేసేది అక్కడేనని చెబుతాడు. పెద్దమ్మ వాకిట్లో ఎవరికీ అంత తొందర లేదు.

ప్రభుత్వ పథకాల్లో వచ్చే వనరాజా పిల్లలతో పెద్ద చిక్కు లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థలో పుట్టిన రకం అది. నెలన్నర దాటేసరికి పుంజు పిల్ల జుట్టు ఎర్రబడి లేస్తుంది, పెట్టది పాలిపోయి ఉంటుంది. ఝాబువా నుంచి వచ్చిన కడక్‌నాథ్‌కు జుట్టే నలుపు కాబట్టి రంగు చూసి లాభం లేదు, ఎత్తు చూసుకోవాలి. జాతి కోడికి ఆ రెండూ పనికిరావు. దాని జుట్టు నెత్తికి అతుక్కుని మూడు వరసల గింజల్లా ఉంటుంది, అదీ ఆలస్యంగా. నిటారుగా నిలబడింది కదా పుంజే అనుకుంటే, పెట్టా అలాగే నిలబడుతుంది. కొట్లాడింది కదా అనుకుంటే, ఈ జాతిలో పెట్టలూ కొట్లాడతాయి.

"భుజాలు చూడు సారూ" అన్నది పెద్దమ్మ రెండో నెలలో. నా ఎర్రదారాల్లో మూడింటికి భుజాల మీద ఈకలు లేక ఎర్రటి చర్మం కనిపిస్తోంది, తోక మొండిగా ఉంది, కాళ్లు లావు. ఆమె నాలుగూ ఒంటి నిండా ఈకలు కప్పుకుని ముచ్చటగా ఉన్నాయి. మూడో నెల దాటేసరికి నావాటి నడుము మీద కొన తేలిన మెరుపు ఈకలు దిగాయి. ఇక అనుమానమే లేదు. నాకు మూడు పుంజులు, ఒక పెట్ట. ఆమెకు నాలుగు పెట్టలు.

"మార్చుకుందామా?" అన్నాను.

"పాలు పాలే. పుంజు ఒక్కసారి అమ్ముడుబోతది, పెట్ట ఇంట్లనే ఉంటది."

దారాలు కట్టిన రోజు ఆమె 'మంచిదే' అన్నది వీడియో గురించా, తన వాటా గురించా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

నా మూడు పుంజులనూ సంతలో అమ్మి, ఉన్న ఒక్క పెట్టనూ ఆమె దగ్గరే ఉంచాను. ఆమె పెట్టల్లో మూడు గుడ్లకొచ్చాయి. నాలుగోది బూడిదరంగుది, అన్నిట్లోకీ అందమైనది, ఎంతకీ గూట్లోకి పోదు. పెద్దమ్మ గూట్లో గడ్డి మార్చింది, నూకలు కలిపి పెట్టింది, బతిమాలింది.

ఒక తెల్లవారుజామున ఎదురింటి గంపలోంచి గొంతు పూర్తిగా పగలని కూత వినిపించింది. బయటికి వచ్చేసరికి పెద్దమ్మ గంప ఎత్తి నిలబడి ఉంది. లోపల ఒంటినిండా పెట్ట ఈకలతో, పెట్ట తోకతో ఆ బూడిదది మెడ చాచి మళ్లీ కూసింది.

"పెట్టమారు!" అన్నది నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ. "నన్నుగూడ మోసం చేసింది సారూ."