బాటిల్‌స్టార్ గెలాక్టికాలో దేవుళ్ళు, మా రూములో దేవుళ్ళు

ఈసారి వీసా ముచ్చట కాదు, ఏజెంట్ ముచ్చట కాదు. ఒక ఇంగ్లీషు సీరియల్ ముచ్చట. పోస్టు పెద్దగనే ఉంది. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, చాయ్ పెట్టుకొని చదువుండ్రి. కథ మొత్తం చెప్పేస్తున్నం, ముందుగాల చూద్దామనుకునేటోళ్ళు చూసినంకనే రాండ్రి.

మేము జుబైల్‌లో ఒకే రూములో ఎనిమిది మందిమి ఉంటం. అందరం ప్లాంట్ షట్‌డౌన్ పనోళ్ళమే. ఫిట్టర్లు, వెల్డర్లు, ఇద్దరు రిగ్గర్లు. ఎక్కువమంది తెలంగాణోళ్ళం. ఒక గుంటూరు అన్న ఉన్నడు, చర్చికి పోయే మనిషి. ఒక కరీంనగర్ భాయ్ ఉన్నడు, ఐదు పూటల నమాజు. నిజామాబాద్ తమ్ముడు డిగ్రీ చదివి వచ్చిండు, ఆయన హార్డ్ డిస్కులోనే ఉన్నది ఈ బాటిల్‌స్టార్ గెలాక్టికా. 1978లో వచ్చిన పాత సీరియల్‌ను రొనాల్డ్ మూర్ అనే ఆయన కొత్తగా తీసిండు. 2003లో ముందు రెండు భాగాలు వచ్చినయి, ఆ తర్వాత 2004 నుంచి 2009 దాకా నాలుగు సీజన్లు. శుక్రవారం శుక్రవారం రెండు మూడు ఎపిసోడ్ల లెక్కన మేము ఏడు నెలలు చూసినం. అర్థం కాని కాడ తమ్ముడు ఆపి తెలుగులో చెప్తడు.

కథ చిన్నగ చెప్తం. మనుషులు తయారుచేసిన యంత్రాలు, వాటి పేరు సైలాన్లు, తిరగబడి పన్నెండు గ్రహాల మీద అణుబాంబులు వేస్తయి. మిగిలింది సుమారు 50 వేల మంది. వాళ్ళందరూ దొరికిన ఓడల్లో ఎక్కి అంతరిక్షంలో పడి పోతుంటరు. వెనక ఇల్లు లేదు. ముందు భూమి అనే చోటు ఉన్నదని పాత గ్రంథంలో రాసి ఉన్నది. ఇగ అదే ఆశ. ప్రెసిడెంట్ మేడం దగ్గర ఒక తెల్ల బోర్డు ఉంటది, దాని మీద బతికున్నోళ్ళ లెక్క. ఒకరు చస్తే ఒకటి తుడుస్తది, ఒకరు పుడితే ఒకటి కలుపుతది.

ఆ పన్నెండు గ్రహాల పేర్లన్నీ రాశుల పేర్లే. కాప్రికా అంటే మకరం, సాజిటారాన్ అంటే ధనుస్సు, జెమినాన్ అంటే మిథునం. తమ్ముడు అది చెప్పంగనే అందరం మా మా రాశి గ్రహం ఏదని అడుగుడు పెట్టినం. దానికంటే పెద్ద ఆశ్చర్యం టైటిల్ పాట. ఒక్కసారి చెవులు రిక్కించి వినుండ్రి, అది గాయత్రీ మంత్రం! అమెరికా సీరియల్ ముందట, మంటల్లో గ్రహాలు కాలుతుంటే, గాయత్రి. మాలో ఒక ఫిట్టర్ అన్న అన్నడు, "మా ఊర్లో ఇది మా నోటికి రావద్దన్నరు, మా చెవికి కూడా రావద్దన్నరు. ఇక్కడ ఎనిమిది మందిమి బనీన్ల మీద కూసోని ఇంటున్నం." అందరం నవ్వినం గాని, ఆయన నవ్వలేదు. ఆ తర్వాత ఎప్పుడు టైటిల్ వచ్చినా దాటెయ్యనియ్యలేదు, మొత్తం పెట్టించేటోడు.

అసలు పంచాయితీ రెండో శుక్రవారం మొదలైంది. ఈ కథలో మనుషులకు చాలామంది దేవుళ్ళు. జ్యూస్, అపోలో, ఆర్టెమిస్, గుడులు, పూజారులు, జోస్యం చెప్పే ఆడోళ్ళు. యంత్రాలకేమో ఒకే దేవుడు. ఆ దేవుడు మనుషుల పాపాలకు శిక్ష వేయమన్నడని వాళ్ళు నమ్ముతరు. మా కరీంనగర్ భాయ్ కంచం పక్కకు పెట్టి, "ఒకే దేవుడు అన్నోళ్ళనే రాక్షసులను చేసిండ్రు ఏంది?" అన్నడు. రూము అంతా చప్పుడు లేదు. మనం బతికేది ఒకే దేవుడున్న దేశంలో, తినేది ఆ దేశం అన్నం. తమ్ముడు మాత్రం "ఆగు భాయ్, ఇంకా చూడు" అన్నడు. అట్లనే చూసినం. ఎపిసోడ్లు గడిచేకొద్దీ అర్థమైంది, ఈ సీరియల్ ఒక దిక్కు మొగ్గదు. ఆ యంత్రాల్లో కూడా కొన్ని కొన్ని దేవుని కోసం ఏడుస్తయి, ప్రేమ అంటయి, తప్పుజేసినం అంటయి. మనుషుల్లో దేవుని పేరు జెప్పి ఓట్లడిగేటోళ్ళుంటరు. గ్రంథంలో లేదని మందు వద్దనేటోళ్ళుంటరు. భాయ్ నెల తర్వాత అన్నడు, "దేవుడు ఒక్కడా, పదిమందా అనేది వీళ్ళ కొట్లాట కాదు. మా దేవుడు మా వైపే ఉన్నడు అనుకునుడే కొట్లాట."

ఇంతకు ముందు మేము స్టార్ ట్రెక్ పాత ఎపిసోడ్లు కొన్ని చూసినం. అందులో దేవుడని వచ్చినోడు చివరికి ఎవడో బలమున్న గ్రహాంతరవాసి అని తేలుతది. 1967 ఎపిసోడ్ ఒకదాంట్లో అపోలోనే అట్ల తేల్చిండ్రు. చూడటానికి మంచిగనే ఉంటది గాని, మాకు ఎక్కదు. దేవుడు ఉన్నడా లేడా అనేది సదువుకున్నోళ్ళ ప్రశ్న. సముద్రం అవతల ఉన్న మనిషి దేన్ని పట్టుకొని పండుకుంటడు, పొద్దున దేన్ని తలుచుకొని లేస్తడు, అది మా ప్రశ్న. ఈ సీరియల్ ఆ ప్రశ్న అడిగింది.

స్టార్‌బక్ అని ఒక పైలట్ ఉంటది. తాగుతది, కొట్లాడుతది, ఎవరి మాటా వినదు. ఆమె సామాను పెట్టుకునే లాకర్‌లో రెండు చిన్న బొమ్మలుంటయి, ఆర్టెమిస్, అఫ్రోడైటీ. అది చూడంగనే ఎనిమిది మందిమి ఒకేసారి మన అలమారల దిక్కు చూసినం. ఇక్కడున్నోళ్ళకు చెప్పే పని లేదు. అలమార తలుపు లోపలి దిక్కు వేములవాడ రాజన్న ఫోటో, కొండగట్టు అంజన్న ఫోటో, పక్కన పిల్లల పాస్‌పోర్టు సైజు ఫోటోలు. పొద్దున నాలుగున్నరకు తలుపు తెరుస్తం, బూట్లు తీస్తం, ఒక్క క్షణం చూస్తం, తలుపు మూస్తం. అగర్‌బత్తి లేదు, గంట లేదు. మన పూజ అంతే.

మొదటి సీజన్‌లో ఒక ఎపిసోడ్ ఉన్నది. స్టార్‌బక్‌కు ఒక సైలాన్ ఖైదీ దొరుకుతడు, లియోబెన్. చూడటానికి మనిషి లెక్కనే. బాంబు ఎక్కడుందో చెప్పమని నీళ్ళలో ముంచి ముంచి కొట్టిస్తది. వాడు దెబ్బలు తింటూనే దేవుని గురించి మాట్లాడుతడు. చివరికి ప్రెసిడెంట్ మేడం వాణ్ని ఓడ తలుపు తీయించి బయటి శూన్యంలోకి తోపించేస్తది. ఆ రాత్రి స్టార్‌బక్ తన లాకర్ తెరిచి, ఆ రెండు బొమ్మలు తీసి, వాని కోసం మొక్కుతది. వానికి ఆత్మ ఉందో లేదో ఆమెకు తెల్వదు. ఉంటే చూసుకోమని అడుగుతది. తన దేవుళ్ళను, తన శత్రువు కోసం. వాడు ఆ దేవుళ్ళను నమ్మనే నమ్మడు.

ఇక్కడ ఆపి ఒక ముచ్చట చెప్పాలె. పోయినేడు మా రూములోనే, కింది బెడ్డు మీద, జగిత్యాల దిక్కు అన్న ఒకాయన నిద్రలోనే పోయిండు. నలభై రెండేండ్లు. రాత్రి పప్పు చారు ఆయనే వండిండు. పొద్దున అలారం మోగుతనే ఉంది, బంద్ చేస్తలేడు. పోలీసులు వచ్చేదాకా ముట్టుకోవద్దన్నరు. చుట్టూ నిలబడ్డం. ఏం చదవాలె, ఏం అనాలె, ఎవ్వరికీ తెల్వదు. ఊర్లో అయితే అయ్యగారో, కులపెద్దనో, ముసలోళ్ళో చూసుకుంటరు, మనం కట్టెలు మోస్తం. గుంటూరు అన్న మోకాళ్ళ మీద కూసోని ప్రార్థన చేసిండు. కరీంనగర్ భాయ్ రెండు చేతులు ఎత్తి దువా అడిగిండు. కిందికి బస్సు తెచ్చిన పఠాన్ డ్రైవర్ చెప్పులు విడిచి లోపటికొచ్చి, అతనూ చేతులెత్తిండు. మేము మిగిలినోళ్ళం "రాజన్నా, రాజన్నా" అన్నం, అంతే వచ్చింది నోట్లోకి. పెట్టె ఇంటికి చేరేసరికి ఇరవై ఆరు రోజులు పట్టింది. కర్మకాండ అంతా అక్కడ పద్ధతి ప్రకారం చేసిండ్రు, వీడియోలో చూసినం. కాని ఆ పొద్దు మేము చేసింది ఆయనకు ముట్టిందా లేదా అని లోపల ఒక ముల్లు ఉండిపోయింది. రూములో ఎవరూ పైకి అనలేదు.

స్టార్‌బక్ మొక్కిన ఆ సీన్ అయినంక మళ్ళీ ఆ మాట లేచింది. భాయ్ అన్నడు, "ఆ పొద్దు నేను అడిగిన దువాకు పెద్దలు ఏమంటరో నేను అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పేటోళ్ళు. అందుకే అడగలేదు. ఈమె కూడా ఎవ్వరినీ అడగలేదు చూడు." ఆ శుక్రవారం ఇంకో ఎపిసోడ్ పెట్టలేదు.

మాకు అందరికంటే దగ్గరైనోడు చీఫ్ టైరల్. ఓడలో విమానాలు రిపేరు చేసే మేస్త్రి. చేతులకెప్పుడూ గ్రీజు. తండ్రి పూజారి, తల్లి జోస్యం చెప్పే మనిషి అని అంటడు. రెండో సీజన్ చివర్ల పిచ్చి కలలు వచ్చి, తన కింద పనిచేసే పిల్లనే కొట్టేసి, బ్రదర్ కావిల్ అనే పూజారి దగ్గరికి పోతడు. తను కూడా సైలాన్ ఏమో అని లోపల భయం. ఆ పూజారి జోకు వేస్తడు, నేను సైలాన్‌నే, నిన్ను మా మీటింగుల్లో చూడలేదే అని. చూస్తే పూజారి నిజంగనే సైలాన్! దేవుడంటే అసలు నమ్మకం లేని సైలాన్. ఇంకా చూస్తే మూడో సీజన్ చివరికి టైరల్ కూడా సైలానే. అంటే పూజారి తండ్రి, జోస్యం తల్లి, చిన్నప్పటి గుడి, అన్నీ ఎవరో పెట్టిన జ్ఞాపకాలు. మరి ఆ భక్తి అబద్ధమా? గుంటూరు అన్న అబద్ధమే అన్నడు, నేల లేని చెట్టు అన్నడు. ఫిట్టర్ అన్న ఒప్పుకోలేదు. "మొక్కినప్పుడు వానికి గుండె దడ తగ్గిందా లేదా? తగ్గింది. అది ఎవడు పెట్టిండు?" ఇద్దరూ అన్నం చల్లారేదాకా కొట్లాడుకున్నరు.

ఇదే టైరల్ తిండి కోసం నాచు ఏరే గ్రహం మీదికి పనికి పోయి, అక్కడ వేల ఏండ్ల పాత గుడిని కనిపెడతడు. పై నుంచి ఆర్డర్ వస్తది, శత్రువుకు దొరకొద్దు, గుడికి పేలుడు మందు పెట్టు అని. పెడతడు. పనోడు కదా. వైర్లు కలిపే ఆ చేతులను చూసినప్పుడు మాకు మాటలు రాలేదు. 2007లో వచ్చిన ఇంకో ఎపిసోడ్‌లో ఓడలకు ఇంధనం తీసే రిఫైనరీ కూలీల కోసం వాడే స్ట్రైక్ చేయిస్తడు. అది ఇక్కడ వివరంగ రాయం, చూసుకోండి. రిఫైనరీలో పనిచేసేటోళ్ళు మాత్రం తప్పకుండ చూడాలె. బాల్టర్ అనే మహా తెలివిగల సైంటిస్టు పేద గ్రహంలో పుట్టి తన యాసను దాచుకున్నడని కూడా అందులోనే తెలుస్తది. ఆ బాల్టరే నాలుగో సీజన్‌లో బాబా అయితడు, చుట్టూ ఆడోళ్ళు, దీపాలు, ఫోటోలు. అసుంటి బాబాలను మేము వేరే గ్రహం పోయి చూడాల్సిన పని లేదు.

ఇగ భూమి ముచ్చట. మొదట్లో, చచ్చినోళ్ళ అంత్యక్రియల కాడ, పూజారమ్మ మంత్రాలు చదివినా ఎవ్వరి మొఖంలో కళ లేదు. అప్పుడు కమాండర్ అడామా లేచి, భూమి ఎక్కడుందో నాకు తెలుసు అంటడు. శుద్ధ అబద్ధం. బతకడానికి ఏదో ఒకటి కావాలె గదా అని అట్ల అంటడు. మాకు వెంటనే ఇంటికి చేసే ఫోన్లు యాదికొచ్చినయి. "ఇంకో రెండేండ్లే అమ్మా, అప్పు తీరంగనే వస్త." నాలుగో సీజన్ నడుమ వాళ్ళకు నిజంగనే ఆ భూమి దొరుకుతది. దిగి చూస్తే బూడిద. ఎప్పుడో కాలిపోయింది. గ్రంథం అబద్ధం కాదు, చోటు ఉన్నది, కాని ఉండనీకి లేదు. పదిహేనేండ్లు ఇక్కడ చేసి ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకొని పోయిన ఒక అన్న, ఊర్లో ఆరు నెలలు ఉండి మళ్ళీ వీసా కోసం ఫోన్ చేసిండు. అతను మా రూముకే తిరిగొచ్చిండు. ఆ బూడిద సీన్ చూసి బయటికి పోయి సిగరెట్ తాగొచ్చిండు.

చివరి ఎపిసోడ్ మీద ఇంకా కొట్లాట తెగలేదు. అందులో ఇంకో భూమి, పచ్చటి భూమి దొరుకుతది. ఇదంతా నడిపించింది దేవుడే అన్నట్టు తేలుస్తరు, స్టార్‌బక్ గాలిలో కలిసినట్టు మాయమైతది. 2009లో అమెరికాలో కూడా దీని మీద చాలామంది చూసేటోళ్ళు కోపం చేసిండ్రట. గుంటూరు అన్నకు మాత్రం ఇదే నచ్చింది. ప్రెసిడెంట్ మేడం క్యాన్సర్‌తో కొత్త నేల చూసి, అక్కడ బతకకుండనే చనిపోతది. కనాను చూసి అడుగు పెట్టని మోషే కథ ఇది అని కళ్ళు తుడుచుకున్నడు. మాకు, అంటే మిగిలినోళ్ళకు, కోపం వచ్చింది ఇంకోదానికి. నేల దొరికిందని ఓడలన్నీ సూర్యునిలోకి పంపించేస్తరు! అన్ని ఏండ్లు ఆ ఓడలను వెల్డింగ్ చేసి, పాచ్ వేసి నడిపిన పనోళ్ళు ఒక్కరూ వద్దనలేదట. ఏ ఫిట్టరూ రాసిన కథ కాదది. మంచి పంపులు, మంచి వాల్వులు, అట్లనే మంటలోకి! చీఫ్ టైరల్ అయితే ఎవ్వరూ లేని ఒక చలి ద్వీపానికి ఒంటరిగ పోతడు. ఆయన అక్కడ ఎవరికి మొక్కుతడో చూపియ్యలేదు.

రేపు శుక్రవారం మొదటి నుంచి మళ్ళీ పెడుతున్నం, జగిత్యాల అన్న బెడ్డు మీదికి వచ్చిన కొత్త తమ్ముడు చూడలేదంటే. మీ రూముల్లో ఎవరైనా చూసినోళ్ళుంటే చెప్పుండ్రి, ముఖ్యంగ ఆ ఓడల సంగతి.