మూత ఉన్న ఒర

బ్యాంకు పద్దులు చూసుకునే మనిషికి పిస్తోలు ఒరల గొడవ ఎందుకని పాఠక మిత్రులు అనుకోవచ్చు. నేను చదివింది బి.కాం. తుపాకి పేల్చడం మాట అటుంచి, సరిగ్గా చేత పట్టింది కూడా లేదు. అయితే ముప్పై ఏళ్ల ఉద్యోగం నగదు పెట్టెల పక్కన, వాటికి కాపలా కాసే ఆయుధాల పక్కన గడిచింది. ఆ పరిచయంతోనే ఈ నాలుగు ముక్కలు.

మా తరానికి రివాల్వరు ఒర అనగానే సినిమాయే గుర్తుకొస్తుంది. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణగారు నటించిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ 1971లో వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత మా బరంపురంలో మళ్లీ ఆడినప్పుడు చూశాను. తర్వాత వారం రోజులు వీధిలో పిల్లలందరం నడుముకు తువ్వాలు చుట్టి, అందులో కర్రముక్క దోపుకుని తిరిగాం. ఎవడు ముందు లాగితే వాడే వీరుడు.

తొడ మీదికి జారి వేలాడే ఆ ఒర చాలావరకు హాలీవుడ్ వాళ్ల సృష్టి అని పెద్దయ్యాక తెలిసింది. 1950లలో ఆర్వో ఓజాలా అనే ఆయన సినిమాలకూ టీవీ కథలకూ లోపల ఉక్కు రేకు పెట్టిన ఒరలు తయారుచేశాడు. తోలు బిగుసుకుని తుపాకిని పట్టెయ్యకుండా ఉండడానికి ఆ రేకు. 1870, 80లలో నిజం కౌబాయ్‌లు వాడిన ‘మెక్సికన్ లూప్’ ఒర సంగతి వేరు. అదంతా ఒకే తోలు ముక్క. వెనక్కి మడిచి, ఆ మడతలో చీలికలు కోసి, ఒరను వాటిలోంచి దూర్చేవారు. బెల్టు ఆ మడతలోంచి పోతుంది. తుపాకి నడుము ఎత్తున, పిడి మాత్రమే పైకి కనిపించేంత లోతుగా కూర్చుంటుంది. రోజంతా గుర్రం మీద పశువుల వెంట తిరిగేవాడికి లాగే వేగం కంటే, సాయంత్రం దాకా ఆయుధం జారిపోకుండా ఉండడమే ముఖ్యం.

సైన్యం వాళ్లు దానికి మూత కూడా పెట్టారు. 1860ల నాటి రివాల్వర్లలో మందు, గుండు, క్యాపు విడివిడిగా దట్టించాలి. వానకు మందు తడిసిందా, ఆయుధం ఉన్నా లేనట్టే. అందుకే అంత పెద్ద తోలు మూత.

మన దేశంలో ఈ కథకు శామ్ బ్రౌన్ అనే ఆంగ్ల సేనాని ఉన్నాడు. 1858లో పిలిభిత్ దగ్గర జరిగిన పోరులో ఆయన ఎడమ చెయ్యి పోయింది. ఎడమ చేత్తో ఒర పట్టుకుంటేగాని కుడి చేత్తో కత్తి దూయడం కుదరదు. దాంతో కత్తి ఒర కదలకుండా నడుముకు గట్టి బెల్టు, బరువు మోయడానికి భుజం మీదుగా ఒక పట్టీ, కుడివైపు మూత ఉన్న రివాల్వరు ఒర ఏర్పాటు చేసుకున్నాడు. మన పోలీసు అధికారులు కవాతుల్లో కట్టుకునే క్రాస్ బెల్టు ఆయన చలవే.

ఈ ఒరల గుట్టు నాకు విప్పి చెప్పింది మా శాఖ గార్డు. శ్రీకాకుళం వైపు మనిషి, సైన్యంలో పదవీ విరమణ చేసి వచ్చారు. మేమంతా హవల్దారుగారు అనేవాళ్లం. గార్డులకు మామూలుగా 12 బోరు తుపాకి ఉంటుంది. ఆయనకు సొంత లైసెన్సు మీద .32 రివాల్వరు ఉండేది. దానికి పాతకాలపు తోలు ఒర. పైన ఇత్తడి గుండీతో బిగిసే మూత, పిడి కొస నుంచి భుజానికి తాడు. నగదు తీసుకుని వ్యానులో వెళ్లే రోజున మాత్రం ఒరను ఎడమవైపుకి, పిడి ముందుకు వచ్చేలా మార్చుకునేవారు. కూర్చున్నవాడికి కుడి తుంటి మీది తుపాకి సీటుకి అణిగిపోయి చేతికి అందదట.

1998లో తనిఖీకి వచ్చిన ఒక కుర్ర అధికారి ఆ ఒర చూసి నవ్వాడు. “ఈ మూత తీసేలోపు దొంగ స్టేషను చేరతాడు. తెరిచి ఉండేది కొనుక్కోండి” అన్నాడు. హవల్దారుగారు ఆయనకు జవాబు చెప్పలేదు. తర్వాత నాతో అన్నారు: “నేను లాగడం గొప్ప కాదు బాబూ. నాకు తెలీకుండా ఇంకోడు లాగకుండా ఉండాల.”

ఆ మాట విలువ మరుసటి నెల ఒకటో తారీఖున తెలిసింది. పెన్షన్ల రోజు. హాలు నిండా ముసలివాళ్లు. వరస దగ్గర ఇద్దరికి మాట పెరిగి తోపులాటైంది. విడదీయబోయిన హవల్దారుగారి వెనక నుంచి ఒక చెయ్యి ఒర మీద పడి గట్టిగా గుంజింది. కావాలనే గుంజిందో, తూలిపోయి ఆసరాకి పట్టుకుందో ఇప్పటికీ తెలియదు. గుండీ ఊడలేదు. ఆయన మూత మీద అరచెయ్యి అదిమి, నడుము తిప్పుకుని, వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నారు. అంతే. రివాల్వరు బయటికి రానే లేదు. కౌంటరు ఇవతల నుంచి చూస్తున్న నాకు కాళ్లలో వణుకు తగ్గడానికి పావుగంట పట్టింది. అందులో ఆరు తూటాలున్నాయి, ఎదురుగా మా శాఖ పింఛనుదారులంతా ఉన్నారు.

ఒర అంటే నిలవ ఉంచే పెట్టె కాదని కూడా ఆయనే చెప్పారు. తోలు తేమను పీలుస్తుంది. మా ఊరి సముద్రపు గాలికి, వర్షాకాలంలో తుపాకిని ఒరలోనే వదిలేస్తే తుప్పు ఖాయం. తోలు గుళ్లల్లో ఉంచిన తూటాల ఇత్తడికి పచ్చటి చిలుము పడుతుంది. ఆయన సాయంత్రం కాగానే రివాల్వరు తుడిచి, పొడిగుడ్డలో చుట్టి లోపల పెట్టేవారు. ఖాళీ ఒరను నీడలో వేలాడదీసేవారు. మైనం పాలిషే తప్ప నూనె రానిచ్చేవారు కాదు. నూనె తాగితే తోలు మెత్తబడి పట్టు వదిలేస్తుందట.

మన కుటుంబాలలో తాతల నాడు పటాలంలో పనిచేసినవారు చాలామందే. అటక మీది ట్రంకు పెట్టెలో రెండో ప్రపంచ యుద్ధం నాటి క్యాన్వాసు ఒర ఉంటే ఒకసారి కిందికి దించండి. పక్కన ఆరు తూటాల గుళ్లు, తుడుపు కడ్డీకి చోటు ఉంటే అది ట్యాంకు దళానిది. ఆ దళం వాళ్లు మొదట సినిమా వీరుల్లాగే తొడకు కట్టే పొడుగు ఒర వాడి చూశారు. ట్యాంకులోంచి దిగేటప్పుడు తగులుకుంటోందని మళ్లీ బెల్టు ఎత్తుకే తెచ్చుకున్నారు. చాలావాటికి తయారైన సంవత్సరం ముద్ర కూడా ఉంటుంది. వెలిసిపోయి ఉంటే పగటి వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి.