బటన్లు కొత్తగున్నా సరే

"అన్నా, గీ టైరు ఎన్ని కిలోమీటర్లు వస్తది?" ములుగు రోడ్డు మీది మా షాపుకొచ్చేటోళ్లు బేరానికి ముందే అడిగే మాట. కారు రేడియల్ అయితే నలభై, యాభై వేలని చెప్పి పంపొచ్చు. కానీ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోసే ట్రాలీకీ, హన్మకొండల రిటైరైన సారు కారుకూ ఒకటే లెక్క చెప్తే ఎట్ల?

అట్లాంటి సారే ఒకరు వచ్చిన్రు. కారు కొని ఎనిమిదేండ్లు, తిరిగింది ఇరవై వేలు కూడ లేదు. గుడికి, బ్యాంకుకు, పండక్కి బిడ్డ ఇంటికి. "టైర్ల బటన్లు సూడు, షోరూంల లెక్కనే ఉన్నయి" అన్నరు. నిజమే. నేను సైడ్‌వాల్ మీద దుమ్ము తుడిచి, బొటనవేలితో అదిమి చూపించిన. రిమ్ము పొంటి చుట్టూ వెంట్రుకంత సన్నటి పగుళ్లు. ఎండకు, గాలిలోని ఆక్సిజన్‌కు, ఓజోన్‌కు రబ్బరు పెళుసయితది. అట్ల పెళుసు కావొద్దని కంపెనీవాళ్లు రబ్బరులో మైనం కలుపుతరు. చక్రం తిరుగుతుంటే ఆ మైనం పైకి ఊరుకుంట వచ్చి పొరలెక్క కాపాడుతది. షెడ్డుల పెట్టిన బండికి ఆ అవకాశం తక్కువ.

టైరు పుట్టిన తేదీ దాని మీదనే ఉంటది. డాట్ అని మొదలయ్యే వరుసల చివరి నాలుగంకెలు చూడాలె. 2317 అంటే 2017ల 23వ వారం. చాలా టైర్లకు ఆ అంకెలు ఒక్క పక్కనే ఉంటయి. అది లోపలివైపుకు పడ్డదంటే సెల్లు లైటు పట్టుకొని బండి కిందికి దూరుడే. అయిదేండ్లు దాటినంక ఏడాదికోసారి చూపించుకోవాలె, పదేండ్లకు అరగకున్నా మార్చాలె అని మిషెలిన్ లాంటి కంపెనీలే చెప్తయి. వరంగల్ ఎండలకు నేను అంతదాక ఆగమని చెప్ప.

మిర్చి ట్రాలీల కథ వేరే. వాటికి వయసు అయ్యేదాక బతికే యోగమే లేదు. గాలి తక్కువుంటే రెండంచులు అరుగుతయి, ఎక్కువైతే నడుమ అరుగుతది, అలైన్‌మెంట్ పోతే ఒక్క పక్కనే కోసుకపోతది. విప్పిన టైరు చూస్తే డ్రైవరు సంగతి సగం తెలుస్తది. గాడిల నడుమ చిన్న దిమ్మెలుంటయి, బటన్ వాటికి సమానమైతే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే. కారుకైనా లారీకైనా చట్టం ఒప్పుకునేది అంతవరకే. గుండు టైరుతోటి వానల బ్రేకు కొడితే బండి నీళ్ల మీద తేలుతది.

మేడారం జాతరకు ముందు మాకు తీరికుండదు. పస్రా, తాడ్వాయి దాటి అడవిల పోవాలె కదా, అందరూ గాలి చూపించుకుంటరు. చల్లగున్నప్పుడు చూపించుకుంటెనే సరైన లెక్క. దూరం నుంచి వచ్చిన బండికి మీటరు ఎక్కువ చూపిస్తది, అది చూసి గాలి తీపిచ్చుకోవద్దు. నాలుగూ అయినంక "స్టెప్నీ?" అంటే "అది కొత్తదే, ఒక్కసారి కూడ వాడలే" అంటరు. డిక్కీల సామాను దింపమంటే మొహం మాడుస్తరు. నేను దింపిపిస్త, అంకెలు చదివి వినిపిస్త.