ఆయ్... ర్యాప్ విన్నామండీ!

‘ప్రేమికుడు’ క్యాసెట్ గోదావరి జిల్లాలకొచ్చి మూడు దశాబ్దాలు దాటింది. ఆ పాటల్ని అప్పుడు చెవులారా విన్నవాళ్లు ఇప్పుడేమంటున్నారు? ధవళేశ్వరం నుంచి నరసాపురం దాకా అడుగుతూ వెళ్తే...

గోదావరి జిల్లాల్లో పాట గురించి అభిప్రాయం అడిగితే ఇక ఆ పూటకి మీరు బస్సెక్కినట్టే! ఒకరిని అడిగితే నలుగురు చెబుతారు. చెప్పి ఊరుకుంటారా, కాఫీ ఇప్పించి మరీ ఒప్పిస్తారు. అందులోనూ నేను అడిగింది ఘంటసాల పద్యాల గురించి కాదు, ర్యాప్ గురించి.

1992లో బాబా సెహగల్ ‘ఠండా ఠండా పానీ’ అంటూ హిందీలో ర్యాప్ రుచి చూపించాడు. మన పల్లెల దాకా దాన్ని మోసుకొచ్చింది మాత్రం 1994 నాటి ‘ప్రేమికుడు’. శంకర్ తమిళంలో తీసిన ‘కాదలన్’కి తెలుగు రూపం. సంగీతం ఏ.ఆర్.రెహమాన్, తెలుగు పాటలు రాజశ్రీ. ఎంత కలగాపులగం క్యాసెట్టో! శాస్త్రీయ సంగీతం వాసనతో ఉన్నికృష్ణన్ పాడిన ‘ఓ చెలియా’, ఒళ్లు విరిచే ‘ముక్కాలా ముకాబులా’, కాలేజీ కుర్రాళ్ల ‘ఊర్వశి’. అవి చాలవన్నట్టు ‘పేట ర్యాప్’! ఒకే విస్తట్లో పులిహోర, పిజ్జా వడ్డించినట్టు.

రాజమహేంద్రవరం నుంచి బయల్దేరి, ధవళేశ్వరం ఆనకట్ట దాటి, బొబ్బర్లంక దగ్గర కాలువ గట్టు పట్టుకుంటే ఆత్రేయపురం. పూతరేకుల ఊరు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట. పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండమీద ఒక్క విసురు విసిరితే చాలు, రేకు తయారు. ఆ పనిలో ఉన్న ఒకావిడ 1994లో కొత్తకోడలట. పక్కింట్లో టేప్ రికార్డర్ ఉండేది.

‘‘ఊర్వశి పాటకి చెయ్యి దానంతటదే ఆడేదండి. ఓ చెలియా వస్తే నెమ్మదించేది, మా అత్తగారు కేకలేసేవారు. ఆ పేట పాటొచ్చిందంటే మాత్రం ఆపెయ్యమనేదాన్నండి.’’

‘‘ఏం, నచ్చలేదా?’’

‘‘నచ్చకేమండి... ఆ పాటకి గుడ్డ విసిరితే రేకు చిరిగిపోద్దండి!’’

సంగీతం గురించి పేజీలకు పేజీలు రాసేవాళ్లున్నారు గానీ, లయ గురించి ఇంత సూటిగా చెప్పినవాళ్లు నాకైతే తారసపడలేదు.

మైకు సెట్టాయన తీర్పు

రావులపాలెం, కొత్తపేట దాటి అంబాజీపేట వైపు వెళ్తే అన్నీ కొబ్బరి తోటలే. అక్కడో ఊళ్లో ఒకాయన దగ్గర ఇప్పటికీ పాత ఆంప్లిఫయరు, నాలుగు గొట్టాలు ఉన్నాయి. ఒకప్పుడు చుట్టుపక్కల పెళ్లంటే ఈయన రావలసిందే. కొబ్బరిచెట్టు ఎక్కి ఒక గొట్టం సొంతూరివైపు, ఇంకోటి పక్కూరివైపు తిప్పి కట్టేవాడట. పక్కూరికి వినబడకపోతే అదేం పెళ్లి!

ఆయనకి ఓ టైమ్‌టేబులుంది. తెల్లారగట్ల ఘంటసాల భక్తిపాటలు. భోజనాలప్పుడు ‘ఓ చెలియా’లాంటివి. రాత్రి ఊరేగింపుకే పేట ర్యాప్.

‘‘ఓసారి భోజనాల టైములో కుర్రాళ్లు పీకమీద కూర్చుంటే ర్యాప్ వేశానండి. వడ్డించేవోళ్లు పరుగులే పరుగులు. దప్పళం విస్తట్లో పడాలా, పెళ్లికొడుకు మేనమామ ఒళ్లో పడిందండి!’’

అసలు హిప్ హాప్ ఎలా పుట్టిందో ఆయనకి చెప్పాను. న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే పేట. 1973 ఆగస్టు 11. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, బడి తెరిచేలోగా కొత్తబట్టలు కొనుక్కోవాలని తాముండే అపార్టుమెంటు హాల్లో టికెట్టు పెట్టి డ్యాన్సు పార్టీ చేసింది. పాటలు వేసింది వాళ్లన్న క్లైవ్. అందరూ కూల్ హెర్క్ అనేవారు. వాళ్లది జమైకా నుంచి వలసవచ్చిన కుటుంబం. అక్కడ ఇంతింత స్పీకర్లు వీధిలో పెట్టి ఊరంతా వినిపించడం మామూలే. గాత్రం ఆగి వాయిద్యాలు మాత్రమే మోగే ముక్క దగ్గర జనం ఎక్కువ ఎగురుతున్నారని హెర్క్ కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు తెచ్చి, రెండు ప్లేయర్లమీద పెట్టి, ఆ ముక్కనే సాగదీశాడు. మధ్యమధ్య మైకులో హుషారు మాటలు. ఆ మాటలే పెరిగి పెరిగి ర్యాపయ్యాయి.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ‘‘అంటే దీన్ని కనిపెట్టింది మైకు సెట్టాయనే అంటారా?’’

అవునన్నాను. లోపలికి తిరిగి ‘‘విన్నావా?’’ అని గట్టిగా అరిచాడు. వంటింట్లోంచి జవాబు రాలేదు.

ఆ మాటకొస్తే మనకి మాత్రం లేదా అన్నది ఆయన వాదన. కనుమనాడు దగ్గర్లోని జగ్గన్నతోటకి ప్రభలు బయల్దేరినప్పుడు చూడాలి. ‘శరభ, శరభ’ అని ఒకరంటే జనం అందుకుంటారు. వీరభద్రుడి సంబరాల్లో వీరణం మోగుతుండగా ఖడ్గం చదివేవాళ్లనీ వినాలి. ఊపిరి తిప్పుకోకుండా దక్షయజ్ఞం కథ దొర్లించేస్తారు. రాగం తక్కువ, మాట ఎక్కువ. ఆయన చెప్పాక నాకూ ఆ పోలిక కాదనబుద్ధి కాలేదు. భక్తి వేరు, వినోదం వేరు, నిజమే. మాటని డప్పులా వాయించడం మాత్రం ఒక్కటే.

మరి పేట ర్యాప్‌కి ఎన్ని మార్కులు?

‘‘తాళానికి నూటికి నూరండి. మాటకే తగ్గించాలి. మద్రాసువోళ్ల పేట సంగతులు మనకెందుకండి? మనకి పేట లేదా?’’

అంబాజీపేట మనిషి అడగాల్సిన ప్రశ్నే! తమిళంలో ఆ పాటకున్న బలమంతా మద్రాసు వీధి యాస. తెరమీద పెదాల కదలికకి తగ్గట్టు తెలుగు మాటలు అమర్చాలంటే ఆ వీధి ఎగిరిపోతుంది, చప్పుడు మిగులుతుంది. రాజశ్రీకి డబ్బింగ్ పాట కొట్టిన పిండే అయినా, యాసని ఎవరు మాత్రం డబ్ చేయగలరు?

అమలాపురం మీదుగా రాజోలు, మలికిపురం. ఇక్కడికి దగ్గర్లోనే శంకరగుప్తం, మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టిన ఊరు. ఈ పక్కన సంగీతం గురించి కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి మరి. పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించిన ఒక పెద్దాయన నేను ఫోన్లో వినిపించిన పేట ర్యాప్‌ని కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు.

‘‘పద్యం చివర రాగం ఎందుకు తీస్తామండి? విన్న మాట లోపలికి దిగాలని. ఇతను దిగనివ్వడే! వన్స్‌మోర్ మాత్రం ఉన్నికృష్ణన్‌కే.’’

ఆ పాట తమిళ రూపానికి ఉన్నికృష్ణన్ జాతీయ అవార్డు అందుకున్నారని చెబితే, ‘‘మేం అప్పుడే ఇచ్చేశామండి’’ అన్నారు నవ్వుతూ.

పంటుమీద

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే వశిష్ఠ అవతల నరసాపురం. 2022లో జిల్లాలు మారాక ఇవతల కోనసీమ, అవతల పశ్చిమగోదావరి. పంటుమీద బైకులు, బుట్టలు, కాలేజీ పిల్లలు. ఓ కుర్రాడి ఫోన్లో ర్యాప్ మోగుతోంది, హైదరాబాదీ యాసలో. ‘ప్రేమికుడు’ పేరెత్తితే ‘‘ఊర్వశి నాకు ఇంగ్లిష్‌లో తెలుసండి’’ అన్నాడు. నిజమే. అమెరికన్ హిప్ హాప్ గాయకుడు విల్.ఐ.యామ్ 2014లో ఆ పాటని తీసుకునే ‘ఇట్స్ మై బర్త్‌డే’ చేశాడు. ఇంగ్లండులో అది మొదటి స్థానానికెళ్లింది. మనం దిగుమతి అనుకున్న క్యాసెట్టు అలా ఎగుమతి కూడా అయింది.

పక్కన సైకిలుకి బొండాల గెలలు కట్టుకున్న తాత అడిగాడు: ‘‘ఎవడ్రా అబ్బాయ్, అంత కోపంగా తిడతన్నాడు?’’

‘‘నేనే తాతా.’’

తన పాటేనట! చదువు కోసం హైదరాబాద్ వెళ్లాడు. హాస్టల్లో మొదటి వారం ఎవరో పిలిస్తే ‘ఆయ్’ అన్నాడు. ఏడాదంతా ‘ఆయ్’ అనే పిలిచారు. అప్పట్నుంచి ఊరు దాటితే యాస మార్చేస్తాడు, పాట కూడా అందులోనే కడతాడు.

‘‘మనూరి మాటలో కట్టకూడదా?’’ తాత వదల్లేదు.

‘‘కామెడీ అనుకుంటారు తాతా. మన యాస సినిమాల్లో నవ్వించడానికేగా!’’

వాడి కోపంలో న్యాయముంది. అయినా ర్యాప్‌కి ప్రాణం అంత్యప్రాస. వెతుక్కోనక్కర్లేకుండా ప్రతి వాక్యం చివరా ‘అండి’ పెట్టి ఇచ్చిన యాస మనది! ఆ సంగతే చెప్పాను. నవ్వాడు. కాసేపు నీళ్లవైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి ఏదో మొదలెట్టాడు. హాస్టలు గది, నీళ్ల చారు, ఇంటి దగ్గర అమ్మ పెట్టే పులస ముక్క. లైను చివర ‘అండి’ పడ్డప్పుడల్లా తాత సైకిలు సీటుమీద దరువేస్తున్నాడు. ‘అండి’లో అంత పౌరుషం ఉంటుందని నేననుకోలేదు.

నరసాపురం రేవు దగ్గరపడింది. దిగేవాళ్లంతా ఒక్కసారిగా బళ్లు స్టార్ట్ చేశారు. ఆ రొదలో ఆఖరి రెండు లైన్లు ఎవరికీ వినబడలేదు.

‘‘మళ్లీ చెప్పరా’’ అన్నాడు తాత, సైకిలు స్టాండు తియ్యకుండానే.