ఫెస్‌లో ఒక మండువా ఇల్లు

మొన్న జనవరిలో పారిస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, తను మమ్మల్ని నాలుగు రోజులు మొరాకో తీసుకెళ్ళింది. అందులో రెండు రోజులు ఫెస్‌లో ఉన్నాం.

789లో పునాది పడిన ఊరట. గోడల మధ్య ఉన్న పాత ఊరిని మెదీనా అంటారు. 1981 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. లోపలికి కార్లు రావు. కొన్ని సందుల్లో ఇద్దరం పక్కపక్కన నడవలేకపోయాం. వెనకనుంచి "బాలక్! బాలక్!" అని కేక వినబడితే గోడకి అతుక్కుపోవాలి. మూటలతో గాడిద వస్తోందన్నమాట!

మా వారికి తోళ్ళు నానబెట్టే షువారా తెగ నచ్చేసింది. రంగురంగుల తొట్లు, ఫోటోల మీద ఫోటోలు. సున్నంలో, పావురాల రెట్టలో నానేస్తారు మరి. వాసనకి తట్టుకోలేమని చేతికో పుదీనా రెమ్మ ఇస్తారు. నాకైతే అయిదు నిమిషాలే ఎక్కువైపోయింది.

అల్ ఖరావియ్యీన్ మసీదుని గుమ్మం దగ్గర నిలబడి చూశాం. ముస్లింలు కానివాళ్ళని లోపలికి రానివ్వరు. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే ఆవిడ, తండ్రి వదిలివెళ్ళిన ఆస్తితో కట్టించిందని చెప్తారు. ఆ పేరుతో ఇప్పటికీ విశ్వవిద్యాలయం నడుస్తోంది. నగలు చేయించుకోకుండా ఎంత పని చేసిందో అనుకున్నాను.

నేను కదలకుండా నిలబడిపోయింది మాత్రం రొట్టెల బట్టీ దగ్గర. పేటంతటికీ ఉమ్మడిది. ఇంట్లో పిండి కలిపి, గుండ్రంగా చేసి, చెక్క పలక మీద పెట్టి గుడ్డ కప్పి పంపిస్తారు. కలిసిపోవా అని అడిగితే, ఏ రొట్టె ఏ ఇంటిదో ఆయనకి చూడగానే తెలుస్తుందన్నాడు గైడు. మనం పిండిమరకి పంపే డబ్బా మీద పేరు రాసేవాళ్ళం, గుర్తుందా?

మేం దిగింది ఒక పాత ఇంట్లో. బయటికి కిటికీ కూడా లేని మట్టిరంగు గోడ. వంకర దారిలో లోపలికి వెళ్తే నడిమధ్య ఆకాశం, చుట్టూ గదులు, కింద రంగు పలకలు, చిన్న నీటి తొట్టి. అచ్చం మా ఊళ్ళో మండువా ఇల్లే!

ఆ ఇల్లు అమ్మేద్దామని ముందు అన్నది నేనే. వానొస్తే మండువా నిండా నీళ్ళు, తోడి తుడిచేసరికి నడుం పడిపోయేది. అత్తయ్య ఒక్క మాట అనలేదు. సంతకం పెట్టి, తులసికోటలో మట్టి కాస్త డబ్బాలో పోసుకుని మాతో ఫ్లాట్‌కి వచ్చేశారు.

తిరిగొచ్చాక ఫోన్‌లో ఫోటోలన్నీ చూపించాను. తొట్లు, గాడిదలు చకచకా జరిపేశారు. ఆ ఇంటి ఫోటో దగ్గర ఆగి, కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

"వానొస్తే నీళ్ళెటు పోతాయమ్మా వీళ్ళకి?" అన్నారు.

చూడలేదు అత్తయ్యా, అన్నాను.